యాభై మందితో అరకు, వంజంగి: ఒకే గుంపుగా వెళ్లొచ్చా, వెళ్లకూడదా?

మధురవాడ మేడ (చర్చ మొదలుపెట్టినవారు):

మా అపార్ట్‌మెంట్ వాళ్లం డిసెంబరులో ఒక శని, ఆదివారాలు అరకు వెళ్దామనుకుంటున్నాం. లెక్క తేలేసరికి 54 మందిమి అయ్యాం. అందులో పిల్లలు 13 మంది, అరవై దాటినవాళ్లు 9 మంది. శుక్రవారం రాత్రి పదకొండింటికి విశాఖలో ఒకే పెద్ద బస్సు ఎక్కి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు చేరతాం. తెల్లవారుజామున వంజంగి కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూస్తాం. అక్కడి నుంచి చాపరాయి, అరకు, పద్మాపురం తోట, ట్రైబల్ మ్యూజియం, రాత్రికి క్యాంప్‌ఫైర్, గిరిజనుల థింసా నాట్యం. ఆదివారం గాలికొండ, బొర్రా గుహలు, కటికి జలపాతం చూసుకుని అనంతగిరి ఘాట్ దిగి రాత్రికి ఇంటికి. వంట మనిషిని, సామాన్లను కూడా బస్సులోనే తీసుకెళ్తాం.

ఈ ప్లాన్ గ్రూపులో పెట్టగానే ఒకాయన అడ్డం తిరిగారు. ఇరవై మంది దాటితే కొండలకు వెళ్లకూడదనీ, మనలాంటి గుంపుల వల్లే ఆ ప్రాంతం పాడవుతోందనీ అన్నారు. సగం మంది ఆయనతో ఏకీభవించారు, సగం మంది నాతో.

నా మాట ఇది. మా మేడలో అరవై దాటిన ఆ తొమ్మిది మందిలో ఆరుగురి పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. వాళ్లను విడిగా కొండలకు తీసుకెళ్లే దిక్కు లేదు. ఇరుగుపొరుగు అంతా కలిసి కదిలితేనే వాళ్లూ కదులుతారు. చిన్న గుంపులు మంచివి అనడం కారూ, డ్రైవరూ, వయసూ ఉన్నవాళ్లకు తేలికే. అందుకే పెద్ద గుంపు తప్పని నేను అనుకోవడం లేదు. ఇలా వెళ్లొచ్చినవాళ్లు, అక్కడివాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

ఘాట్ స్టీరింగ్:

సార్, నేను టూరిస్టు బస్సు నడుపుతాను. ఎంతమంది వెళ్తున్నారన్న దానికంటే మీ టైమింగులు చూస్తేనే నాకు టెన్షన్ వచ్చింది.

శుక్రవారం రాత్రంతా డ్రైవరు నడుపుతాడు. చీకట్లో పాడేరు ఘాట్ ఎక్కిస్తాడు. మీరు వంజంగి ఎక్కి దిగేలోపు అతను నిద్రపోతాడని మీ ధీమా. డిసెంబరులో పాడేరు, మినుములూరు చలి ఎలా ఉంటుందో తెలుసా? ఇంజను ఆపేసిన బస్సులో, సీటు మీద, సగం దుప్పటి కప్పుకుని పడుకోవాలి. గంటకోసారి ఎవరో ఒకరు తలుపు కొడతారు, బ్యాగు కావాలని. తర్వాత పొద్దంతా మళ్లీ స్టీరింగే. రాత్రి అరకులో మీకందరికీ గదులు ఉంటాయి. డ్రైవరుకి గది బుక్ చేశారా లేదా అన్నది మీ లిస్టులో ఎక్కడా కనబడలేదు. చాలామంది చేయరు. ఆదివారం సాయంత్రం మీ 54 ప్రాణాలను అతని చేతిలో పెట్టి అనంతగిరి ఘాట్ దింపమంటారు.

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు అనంతగిరి దగ్గర డముకు మలుపులో లోయలో పడింది. నలుగురు చనిపోయారు. చీకటి పడ్డాక, ఘాట్ దిగుతూ జరిగింది. ఆ మలుపు దాటినప్పుడల్లా నా కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఎక్కడం కష్టం, దిగడం సులువు అని ప్యాసింజర్లు అనుకుంటారు. మాకు దిగడమే గండం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దింపాలి, బండి బరువును ఇంజనే పట్టి ఉంచాలి. అలా కాకుండా బ్రేకు మీదే ఆనుకుంటూ దింపితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదులుతాయి. కాలుతున్న వాసన వస్తే వెంటనే ఆపి చల్లారనివ్వాలి. అప్పుడే వెనక నుంచి 'ఏమైంది డ్రైవర్, లేటవుతోంది' అని కేకలు. ముందు నడవలో పిల్లల డాన్సులు. పాట ఎంత గట్టిగా పెడతారంటే ఎదురుగా వచ్చే లారీ హారను వినపడదు.

నా సలహా: పొడుగు బస్సు మానేసి రెండు మినీ బస్సులు తీసుకోండి. రాత్రి ప్రయాణం పూర్తిగా తీసేయండి. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి. డ్రైవర్లకు మంచం, దుప్పటి, ఆరు గంటల నిద్ర. ఇవి కుదరకపోతే ఇరవై మందే అయినా వెళ్లకండి.

వలిస పూలు:

నేను ఆ అడ్డం తిరిగిన ఆయన వైపే. ఇంకాస్త గట్టిగానే చెప్తాను. వంజంగి లాంటి చోట పదిహేను మంది దాటిన ఏ గుంపునీ పైకి పోనివ్వకూడదు.

వంజంగి మీద పార్కూ లేదు, స్టేడియమూ లేదు. అది ఒక కొండ అంచు. మబ్బులు కింద పరుచుకుంటే అందరూ ఒకే వైపు, ఒకే అంచుకు చేరతారు. ముందున్నవాళ్లు కదలరు, వెనకున్నవాళ్లు ఫోన్లు పైకెత్తి నెడుతుంటారు. ఒక గుంపు బ్లూటూత్ స్పీకరు పెడితే పక్క గుంపు ఇంకాస్త పెంచుతుంది. సూర్యుడు వచ్చేసరికి ఈలలు. ఎనిమిదింటికి అందరూ దిగిపోయాక నేను అక్కడ కూర్చుని చూశాను: నూడుల్స్ కప్పులు, నీళ్ల బాటిళ్లు, గడ్డి మధ్యలో చిప్స్ కవర్లు, కాల్చిన చితుకుల బూడిద. బూడిద కింద గడ్డి వేళ్లు కూడా మాడిపోయాయి.

నా పేరు చూశారుగా. అక్టోబరు, నవంబరుల్లో అరకు పొలాలు పసుపుగా కనబడేది వలిస పూల వల్ల. అది నూనెగింజ పంట, ఒక కుటుంబం కష్టం. ఫోటో కోసం లోపలికి పోనిచ్చి రైతు మనిషికి ఇంతని తీసుకుంటాడు, అందులో తప్పేం లేదు. నలుగురు వస్తే గట్టు మీద నిలబడి దిగుతారు. బస్సు ఆగి యాభై మంది దిగితే గట్టు సరిపోదు. మధ్యలోకి పోతారు, గ్రూప్ ఫోటోకి వరుస కడతారు, పిల్లలు పరిగెడతారు. వాళ్లు వెళ్లాక ఆ వరుస కట్టిన మేర మొక్కలు పడుకునే ఉంటాయి.

ఇదంతా చెడ్డవాళ్లు చేసేది కాదు. మంచివాళ్లే, యాభై మంది ఒకేచోట దిగితే ఇలా అవుతుంది. అందుకే గుంపు సైజు దగ్గరే ఆపాలి అంటున్నాను.

పాడేరు కుర్రాడు:

మాది పాడేరు పక్క ఊరే. సీజన్‌లో టెంట్లు వేస్తాం, టిఫిను, టీ పెడతాం. వలిస పూలు అక్కా, మీరు చెప్పిన చెత్త మేమే ఏరుతున్నాం, కాబట్టి కాదనను. కానీ పదిహేను మంది అన్న లెక్క ఒప్పుకోను.

పెద్ద గుంపా చిన్న గుంపా అన్నది మాకు రెండో విషయం. గుంపు వెంట ఏం తెచ్చుకుంటుంది అన్నదే మొదటిది. ఇద్దరు బైకు మీద వస్తారు. మా దగ్గర టీ తాగుతారు, ఉప్మా తింటారు, రాత్రికి టెంట్ తీసుకుంటారు, మావాడిని దారి చూపమని తీసుకెళ్తారు. వాళ్లిద్దరి వల్ల నాలుగు ఇళ్లకు డబ్బు చేరుతుంది. యాభై మంది బస్సులో వస్తారు. వంట మనిషి, గ్యాస్ సిలిండరు, కూరగాయలు, నీళ్ల బాటిళ్ల కేసులు, పేపరు ప్లేట్లు అన్నీ విశాఖ నుంచే. రోడ్డు పక్కన పొయ్యి పెట్టి వండుకుని తిని వెళ్లిపోతారు. మాకు మిగిలేది ఆ ప్లేట్లే. అన్నా, మీ ప్లాన్‌లో వంట మనిషి, సామాన్లు అని ఉంది చూశారా, నా గొడవంతా అక్కడే.

అదే యాభై మంది రెండు రోజుల ముందు చెప్తే ఏమవుతుందో చెప్తాను. బొంగులో చికెన్‌కి వెదురు ఆ పూటే కొట్టాలి, పచ్చి బొంగైతేనే మంట మీద మాడకుండా లోపల మాంసం ఉడుకుతుంది. ఎండిన బొంగు పగిలిపోతుంది. అంటే వెదురు తెచ్చే మనిషి, కోళ్లు పెంచే ఇల్లు, మసాలా నూరే ఆడవాళ్లు, నిప్పు దగ్గర బొంగు తిప్పుతూ కూర్చునే ఇద్దరు. విస్తరాకుల్లో పెడతాం, తిన్నాక మట్టిలో కలిసిపోతాయి. యాభై మంది భోజనం అంటే మా ఊళ్లో పది మందికి ఒక రోజు పని. చిన్న గుంపులు ఎన్ని వచ్చినా ఒకేసారి అంత పని ఇవ్వలేవు.

ఇంకొకటి. థింసా అని రాశారు. ఆ ఆడవాళ్లు పొద్దున కాఫీ తోటలో పండు కోసి, ఇంటికొచ్చి వండి, అప్పుడు చీర మార్చుకుని వస్తారు. ముందే మాట్లాడుకుని డబ్బు బృందం చేతికే ఇవ్వండి. మధ్యలో ఏజెంటు ఉంటే సగం అతని దగ్గరే ఆగుతుంది. వాళ్ల చేతులు పట్టి లాగి సెల్ఫీలు దిగొద్దు. నేర్పమంటే నేర్పుతారు, వరుసలో కలుపుకుంటారు. అడగండి చాలు.

బడిగంట:

నేను ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్లే బాధ్యత ప్రతి ఏడాదీ మీద పడుతుంది. పదిహేను మంది పరిమితి అన్న మాట చదివి బాధేసింది. మా పిల్లల్లో చాలామందికి స్కూలు బస్సే ఏకైక అవకాశం. వాళ్ల ఇళ్లలో కొండ చూడ్డానికి ఎవరూ ఖర్చు పెట్టరు. గుంపుగా రావొద్దంటే వాళ్లను అసలు రావొద్దన్నట్టే.

అలాగని పెద్ద గుంపుతో ప్రమాదం లేదని చెప్పను. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో మండి దగ్గర బియాస్ నదిలో ఏం జరిగిందో మన రాష్ట్రాల్లో ఏ టీచరూ మర్చిపోలేదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోటోల కోసం నది మధ్య రాళ్ల మీదికి వెళ్లారు. పైనున్న లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. డ్యామ్ వాళ్ల తప్పు ఉంది, హెచ్చరిక సరిగా లేదు, కోర్టులు కూడా ఆ విషయం చూశాయి. నా దృష్టిలో గుంపు నేర్చుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. నలుగురు వెళ్తే ఒకడు 'నీళ్లు పెరుగుతున్నట్టున్నాయిరా' అంటాడు, మిగతా ముగ్గురూ వింటారు. పెద్ద గుంపులో అందరూ వెళ్తున్నారు కదా అని వెళ్తారు, ఎవరో చూసుకుంటారులే అనుకుంటారు. చూసుకునే ఆ మనిషి ఎవరో ముందే తేల్చకపోతే ఎవరూ చూసుకోరు.

మేం చేసేది ఇది. పిల్లల్ని పదేసి మందిగా విడగొట్టి, ఒక్కో పదికి ఒక టీచరు, ఒక రంగు రిబ్బను. లెక్క బస్సు దగ్గర కాదు, ప్రతి చోటు వదిలేముందు అక్కడే, పేరు పిలిచి. తలలు లెక్కపెడితే పక్క స్కూలు పిల్లాడు కూడా లెక్కలోకి వచ్చేస్తాడు, పేరు పిలిస్తే రాడు. నీళ్ల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ముందు వెళ్లి అడ్డంగా నిలబడ్డాకే పిల్లలు బస్సు దిగుతారు.

చాపరాయి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడ్డానికి పరుపులా పరచిన బండ, మీద చీలమండల లోతు నీళ్లు. ప్రమాదం ఉంటుందని ఎవరూ అనుకోరు. నీళ్ల కింద బండకి నాచు పడుతుంది. నడుస్తున్నంతసేపు తెలియదు, ఆగి పక్కకి తిరగ్గానే కాలు జారుతుంది. జారినవాడు కింద ఉన్న లోతు వైపే పోతాడు. మీ 13 మంది పిల్లల్నీ ఒకేసారి వదలకండి.

రైలు కిటికీ:

అందరూ బస్సు గురించే మాట్లాడుతున్నారు. రైలు ఉంది కదా! విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే ఘాట్ టెన్షనే లేదు. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం జపాన్ సాయంతో వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు, పక్కనే లోయలు. శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె కూడా ఉంది. పెద్దవాళ్లకు ఇంతకంటే సుఖం ఏముంటుంది?

ఘాట్ స్టీరింగ్:

రైలు మంచిదే సార్, వెళ్లేటప్పుడు వాడుకోండి. కానీ డిసెంబరు శనివారం ఆ రైలు ఎలా ఉంటుందో చూసి చెప్పండి. బొర్రాలో దిగాలంటే ఆగేది కాసేపే. సామాన్లతో, మోకాళ్ల నొప్పులవాళ్లతో 54 మంది ఆ కాసేపట్లో దిగలేరు. సగం మంది దిగి సగం మంది అరకు వెళ్లిపోతే మళ్లీ ఫోన్లు, సొరంగాల్లో సిగ్నలు లేదు. నేరుగా అరకు వరకు టికెట్టు తీసుకుని, బస్సుల్ని ఖాళీగా ముందు పంపితే పనవుతుంది.

గాలికొండ కాఫీ:

బాబూ, నాకు అరవై ఎనిమిది. మీరంతా పెద్దవాళ్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక పెద్దదాన్ని నేనూ చెప్తాను.

మాకు ఎనిమిది చోట్లు అక్కర్లేదు. ప్రతి చోటా బస్సు దిగడం, ఎక్కడం, నడవడం, బాత్రూమ్ వెతుక్కోవడం. ఆడవాళ్లం అయితే పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తాం, ఎక్కడ ఆపమనాల్సి వస్తుందోనని. సాయంత్రానికి తలనొప్పి. మర్యాద కోసం పైకి చెప్పం. యాభై మందికి రెండు బాత్రూమ్‌లు ఉన్నచోట అరగంట ఆగుతామని చెప్తారు. అరగంటలో క్యూ సగం కూడా కదలదు. ప్లాన్ వేసేవాళ్లలో ఒక్క ఆడమనిషి ఉన్నా ఈ మాట ముందే వచ్చేది.

బొర్రా గుహలు తప్పకుండా చూడాల్సినవే. నీటి బొట్టు సున్నపురాయిని కరిగించి, మళ్లీ ఆ సున్నాన్నే పేర్చుకుంటూ పోయి వేల ఏళ్లలో చేసిన పని అది. పైనుంచి వేలాడేవి, కింది నుంచి లేచేవి, రెండూ కలిసి స్తంభమైనవి. కానీ లోపల మెట్లు తడిగా ఉంటాయి, గాలి ఉక్కగా ఉంటుంది. శివలింగం దాకా ఎక్కే మెట్లు మరీ నిటారు. గుంపు వేగానికి నడవమంటే మాకు ఆయాసం. మమ్మల్ని మొదటి పెద్ద గది దాకా తీసుకెళ్లి, పైకప్పు చూపించి, వెనక్కి తెచ్చే మనిషిని ఒకరిని పెట్టండి చాలు. వంజంగి మాకొద్దు. చీకట్లో రాళ్ల దారి ఎక్కి మేం చేసే ఘనకార్యం లేదు. గాలికొండ దగ్గర కుర్చీ వేసి, ఒక గ్లాసు కాఫీ ఇచ్చి, రెండు గంటలు వదిలేయండి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, ఇవన్నీ చూస్తూ కూర్చోవడమే మాకు యాత్ర.

వలిస పూలు అమ్మా, నువ్వు కొండ మీద ప్రేమతోనే అంటున్నావు. కానీ పదిహేను మంది లెక్కలో మాలాంటివాళ్లు ఎప్పుడూ ఉండరు. మొదట కొట్టేసే పేర్లు మావే.

వలిస పూలు:

అమ్మా, మీరన్నది మనసుకు తగిలింది. గాలికొండ దగ్గర ఎంతమంది కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు, అక్కడ రోడ్డుంది, కట్టిన చోటుంది. నా పట్టు వంజంగి గురించి, చెరువులవేనం లాంటి కొండల గురించి. అక్కడ పరిమితి ఉండాల్సిందే, అదీ మంచితనం మీద వదిలేయకుండా రూలుగా.

వేరేచోట్ల చేస్తున్నారు కదా. మద్రాసు హైకోర్టు చెప్పాక 2024 మేలో ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బండ్లకు ఈ-పాస్ వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌లో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలని లెక్క కూడా పెట్టారు. కర్ణాటకలో కుమార పర్వతం మీద జనం కిక్కిరిసిపోయాక, 2024లో ట్రెక్కింగులకు ఆన్‌లైన్ బుకింగు, రోజుకు ఇంతమందే అన్న రూలు తెచ్చారు. కొండ ఎంత మోయగలదో అంతే. మనకి మాత్రం ఎందుకు కుదరదు?

పాడేరు కుర్రాడు:

అక్కా, కుదురుతుంది. కానీ ఆ పాసు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పండి.

ఆన్‌లైన్ అంటే స్లాటు తెరిచిన పది నిమిషాల్లో ట్రావెల్స్ వాళ్లు తీసేసుకుంటారు. మా ఊళ్లో సిగ్నలు వచ్చేదే ఆ కొండ మీద! మాది ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1996లో పెసా చట్టం వచ్చింది, ఊరి వనరుల మీద గ్రామసభకు మాట ఉండాలని. రోజుకు ఎన్ని బండ్లు, ఎంతమంది, పార్కింగు డబ్బు దేనికి వాడాలి, ఏ నెలలో కొండకు విశ్రాంతి ఇవ్వాలి, ఇవన్నీ మా గ్రామసభ తేల్చాలి. ఎండాకాలం కొండ మీద మంట పెడితే అడవి ఎటు కాలుతుందో మాకు తెలుసు. పరిమితికి నేను వ్యతిరేకం కాదు. పైనుంచి ఒక అంకె వచ్చి మా మీద పడటానికి వ్యతిరేకం.

పదిహేనుకు మించి గుంపు వద్దని మీరంటే, యాభై మందివాళ్లు నాలుగు గుంపులుగా పేర్లు రాయించుకుని ఒకేసారి ఎక్కుతారు. కొండకి తేడా ఏంటి? చూడాల్సింది ఒకే సమయానికి అంచు మీద ఎంతమంది ఉన్నారన్నది. ఇరవై మంది ఎక్కి, చూసి, దిగాక ఇంకో ఇరవై మందిని పంపితే రోజుకు ఎక్కువ మందే చూస్తారు, తొక్కిసలాట ఉండదు.

వలిస పూలు:

సూర్యోదయం ఒక్కసారే అవుతుంది కదా తమ్ముడూ. రెండో బ్యాచ్‌లో ఎవరు ఉంటామంటారు?

పాడేరు కుర్రాడు:

మబ్బులు ఎనిమిది, తొమ్మిది దాకా కూడా ఉంటాయి అక్కా, ఎండ పడ్డాకే ఇంకా తెల్లగా కనబడతాయి. అసలు మబ్బు రాని రోజులూ ఉంటాయి. గాలి ఎక్కువ వీచిన రాత్రి తెల్లారి చూస్తే ఖాళీ లోయే. రీల్సులో ఆ రోజులు పెట్టరు కాబట్టి ఎవరికీ తెలియదు.

బడిగంట:

గ్రామసభ మాటతో నేను ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను: ప్రభుత్వ బడి పిల్లలకు వారంలో ఒక మామూలు రోజు వేరుగా ఉంచమని అడగాలి. పరిమితి పెట్టిన ప్రతిచోటా ముందు తగ్గేది డబ్బు లేనివాళ్లే.

మధురవాడ మేడ:

అందరికీ ధన్యవాదాలు. ఇక్కడి మాటలన్నీ మా మీటింగులో చదివి వినిపించాను. చాలాసేపు వాదన నడిచాక తేలింది ఇది.

శుక్రవారం రాత్రి ప్రయాణం తీసేశాం. రెండు మినీ బస్సులు. ఖర్చు పెరుగుతుంది, ఒకరిద్దరు గొణిగారు, మిగతావాళ్లం సర్దుకుంటాం. శనివారం పొద్దున బయల్దేరి అనంతగిరి ఘాట్ ఎక్కి, బొర్రా, గాలికొండ చూసుకుని సాయంత్రానికి అరకు. డ్రైవర్లకు వేరే గది. ఆదివారం తెల్లవారుజామున వంజంగికి వెళ్తామన్నవాళ్లు 24 మంది మాత్రమే, వాళ్లు ఒక బస్సులో వెళ్తారు, రెండు బ్యాచ్‌లుగా ఎక్కుతారు. మిగతావాళ్లు నిదానంగా లేచి మ్యూజియం, పద్మాపురం తోట చూసుకుని రెండో బస్సులో మధ్యాహ్నానికి పాడేరు వచ్చి కలుస్తారు. అక్కడే భోజనం చేసి మూడింటికల్లా ఘాట్ దిగడం మొదలుపెడతాం. కటికి, చాపరాయి రెండూ కొట్టేశాం. ఆడవాళ్లు ముగ్గురు కమిటీలోకి వచ్చారు. వాళ్లు మొదట చేసిన పని, ఆగే చోట్లన్నిటికీ ఫోన్ చేసి బాత్రూమ్‌లు ఎన్ని ఉన్నాయో, నీళ్లు వస్తాయో లేదో కనుక్కోవడం.

వంట మనిషిని మానేశాం. పాడేరు తమ్ముడూ, ఆదివారం మధ్యాహ్నం 54 మందికి, డ్రైవర్లతో కలిపి 56, మీ ఊళ్లో భోజనం పెట్టగలరా? తొమ్మిది మంది శాకాహారులు.

ఒకే ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. 54 మందిమి కలిసే వెళ్తున్నాం, ఎవరి పేరూ కొట్టలేదు.

వలిస పూలు:

24 మంది అన్నా డిసెంబరు ఆదివారం కావడమే నా అభ్యంతరం. ఆ రోజు మీలాంటి బస్సులు ఇంకో ముప్ఫై ఉంటాయి. సోమవారం సెలవు పెట్టుకోగలిగినవాళ్లు ఆ రోజు ఎక్కితే కొండకూ మేలు, మీకూ మేలు. ఇంకోసారి ఆలోచించండి.

ఘాట్ స్టీరింగ్:

మూడింటికి అన్నారు, మూడున్నర అవనివ్వకండి సార్. భోజనాలయ్యాక ఫోటోలంటూ అందరూ చెల్లాచెదురవుతారు. బడిగంట గారు చెప్పినట్టు పేర్లు పిలిచే మనిషిని ఇప్పుడే ఖాయం చేసుకోండి.

పాడేరు కుర్రాడు:

పెడతాం అన్నా. బొంగుకి పచ్చి వెదురు, కోళ్లు చూసుకోవాలి కాబట్టి గురువారంలోపు ఖాయం చేయండి, తర్వాత మనుషులు తగ్గితే మాకు నష్టం. శాకాహారులకు రాజ్మా, గుమ్మడికాయ కూర, సామ అన్నం చేస్తాం. మంచినీళ్లు కుండల్లో ఉంటాయి, మీరు గ్లాసులు తెచ్చుకోండి. బాటిళ్ల కేసులు మాత్రం ఎక్కించొద్దు.